ఇంటిపాటయు దేవాలయ వాద్యమును

పాశ్చాత్యుల సంగీతము పెరిగిన తావులు పెక్కులు. రాజాస్థానములు, నాటకశాలలు, నగర సభామందిరములు, సైనికుల విడుదులు, ఇవన్నియు దానికి అన్నము పెట్టినవే. కాని వీనిలో రెండింటికి తక్కినవానికి లేని నిలుకడ యొకటి కలదు. ఒకటి గృహము, రెండవది దేవాలయము. గృహమునకు తగిన వాద్యములు వేరు, కృతులు వేరు, వినువారు కూర్చుండు తీరు వేరు. దేవాలయమునకు తగినవి మరియు వేరు. ఈ రెండింటిని ఒకే కప్పుక్రిందికి, ఒకే సాయంకాలములోనికి తెచ్చి, ఇంటిలో పుట్టిన ముగ్గురి మేళమును చర్చిలోని ఆర్గనుతో జతపరచి కచ్చేరి చేయు పద్ధతి నేడు ఐరోపాలో అరుదు కాదు. అట్టి కచ్చేరి నొకదానిని విని, నాకు తోచిన గుణదోషములను చదువరుల ముందుంచుట ఈ వ్యాసోద్దేశము. ఇది కేవల సంగీత చర్చయే యైనచో ఇండ్లలో చదువుకొను పత్రికకు పంపవలసిన పని లేదు. ఆ సాయంకాలము వినిపించిన నాలుగు కృతులలో రెండు ఒక స్త్రీ రచించినవి. వానిని కచ్చేరి చేసినవారు ఎక్కడ నుంచిరి, ఎట్లుంచిరి అను ప్రశ్న సంగీతముతో ముగియునది కాదు.

ముగ్గురి మేళమనగా పియానో, ఫిడేలు, చెల్లో అను మూడు వాద్యముల కూడిక. దీనిని వారు పియానో ట్రయో అందురు. ఫిడేలును మనకు క్రొత్తగా పరిచయము చేయ నక్కరలేదు. బాలుస్వామి దీక్షితులవారి కాలము నుండి అది మన యింటిబిడ్డయే. విజయనగరమున ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దానిని వాయించిన పిదప అది పరదేశ వాద్యమను మాటయే మనకు స్ఫురించుట మానినది. చెల్లో ఫిడేలునకు పెద్దన్న వంటిది. దానిని నేలపై నిలిపి, మోకాళ్ల నడుమ పట్టి వాయింతురు. దాని గొంతు మగవాని గొంతునకు చేరువ. పియానో తీరు వేరు. మీట నొక్కగానే లోపలి సుత్తి తీగను కొట్టును. స్వరము పుట్టిన క్షణము నుండియే క్షీణింప నారంభించును. దానిని సాగదీయుటకు గాని, ఊపుటకు గాని, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుటకు గాని వాయించువానికి అధికారము లేదు. గమకమునకు అలవాటుపడిన మన చెవికి ఇది పెద్ద కొరతగా తోచును. ఆ కొరతను పియానో వేరొక సంపదతో తీర్చుకొనును. పది వ్రేళ్లతో పది స్వరములను ఒక్కసారిగా పలికింపవచ్చును, మీటపై వ్రేలి బరువును బట్టి గుసగుస నుండి గర్జన వరకు పోవచ్చును. ఫిడేలును చెల్లోయును పాడుచుండగా పియానో వారిక్రింద ఇల్లు కట్టుచుండును.

ఈ మేళము మొదటినుండియు ఇంటి సొమ్ము, అందును స్త్రీల సొమ్ము. హైడన్ లండను నగరమున నున్న కాలమున రచించిన ట్రయోలలో మూడింటిని రెబెక్కా ష్రోటర్ అను వితంతువునకును, మరి మూడింటిని తెరేసా జాన్సెన్ అను పియానో విదుషీమణికిని అంకిత మొనర్చెను. ఆ కృతులలో బరువంతయు పియానో పైననే యుండును, చెల్లో పలుచోట్ల దాని యెడమచేతిని అనుసరించి నడచుటతో సరిపెట్టుకొనును. కలవారి యిండ్లలో కూతురు పియానో ముందు కూర్చుండెడిది. తండ్రియో, అన్నయో, వచ్చిన స్నేహితుడో తక్కిన రెండు వాద్యములను పట్టెడివారు. కచ్చేరిమందిరములలో స్త్రీకి చోటు చిక్కని దినములలో ఇల్లే ఆమెకు రంగస్థలము.

ఆర్గను అందుకు పూర్తిగా ఎదురు. మన హార్మోనియమును దాని మనుమరాలనవచ్చును గాని, పోలిక గాలితో సరి. హార్మోనియములో ఇత్తడి రేకులు అదరును. ఆర్గనులో వందలకొలది, పెద్దవానిలో వేలకొలది గొట్టములు నిలువుగా నిలిచియుండును. వ్రేలంత గొట్టమునుండి పదునారడుగుల గొట్టమువరకు, కొన్నిచోట్ల అంతకు రెట్టింపు పొడవు గల గొట్టములవరకు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గొంతు. చేతులకు రెండు మూడు వరుసల మీటలు, పాదములకు వేరొక వరుస. సంగీతమును కాళ్లతో వాయించుట మనవారికి వింతగా కనిపించును గాని, ఆ పాదములు పలికించు మంద్రస్వరము చెవితో కాక కూర్చున్న బల్లతో వినవలసినది. పూర్వము తిత్తులు త్రొక్కుటకు మనుష్యులుండెడివారు, నేడా పనిని విద్యుద్యంత్రము చేయును. 1837లో లండనులోని సెంటు పాల్ దేవాలయమున ఫెలిక్స్ మెండెల్సోన్ ఆర్గను వాయించుచుండగా, తలుపులు మూయు వేళ దాటినను జనము కదలకుండుట చూచి విసిగిన సేవకులు తిత్తులు త్రొక్కువానిని ఆపివేసిరట. ఘనమైన కృతి నడుమనే గాలి తీసిన తోలుసంచివలె కూలిపోయినది. ఆలిండియా రేడియోవారు 1940లో హార్మోనియమును వెలివేసినపుడు దానిపై మోపిన నేరమును, స్వరములు బిగుసుకొనిపోయినవి, గమకము పలుకదు అను నేరమును, ఆర్గనుపైనను మోపవచ్చును. అయితే ఆర్గను సంగీతము గమకమును కోరునది కాదు. ఊపిరి తీసికొన నక్కరలేని గొంతు అది. మీటపై వ్రేలున్నంతసేపు స్వరము తరుగదు, పెరుగదు. పియానో స్వరము మర్త్యమైనచో ఆర్గను స్వరము అమర్త్యమని చెప్పవచ్చును. కావుననే గాబోలు ఒకటి ఇంటికిని, ఒకటి దేవునికిని దక్కినవి.

గత వేసవిలో జర్మనీలో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని యింట నొక నెల గడపుట తటస్థించినది. ఆ యూరి చర్చిలో శనివారముల సాయంకాలము కచ్చేరులు జరుగుచుండును. నేను విన్న దినమున వినుటకు వచ్చినవారు నూరుమందికి మించరు, వారిలో ముప్పాతిక మంది తల నెరసినవారు. ఆర్గను వెనుకగోడపై ఎత్తైన మేడలో నున్నది, ముగ్గురి మేళము ముందు వేదిక చెంత నున్నది. అనగా శ్రోతలకు ముఖమెదుట ఇల్లు, వీపువెనుక దేవాలయము. ఆర్గను వాయించు నతనిని మే మెవ్వరమును చూడలేదు. మొదట ఫానీ హెన్సెల్ రచించిన ఆర్గను ప్రెల్యూడు, పిదప ఫెలిక్స్ మెండెల్సోన్ ఆర్గను సొనాటాలలో మూడవది, ఆ వెనుక ఫానీ రచించిన ట్రయో, విరామానంతరము ఫెలిక్స్ రచించిన రెండవ ట్రయో, ఇది ఆనాటి వరుస. రెండు వాద్యవర్గములును కలిసి వాయించిన దేదియు లేదు. ఆర్గనును తీగవాద్యములను నిజముగా కలిపిన కృతులు లేకపోలేదు. మోత్సార్టు సాల్జుబర్గు దేవాలయముకొరకు అట్టివి పదునేడు వ్రాసెను, రైన్‌బెర్గర్ ఫిడేలు, చెల్లో, ఆర్గనులకొరకు ఒక సూటు వ్రాసెను. ఆ సభవారు వానిని విడిచి, ఒక కుటుంబములోని ఇద్దరి కృతులను ఏరికొనిరి. ఏరికొనుట మంచి యాలోచన. అక్కయు తమ్ముడును ఇద్దరును ఇంటికిని దేవాలయమునకును వ్రాసినవారు. ఒకే యింట పెరిగి, ఒకే గురువుకడ నేర్చి, వేర్వేరు విధికి లోనైనవారు.

ఫానీ 1805లో హాంబర్గు నగరమున జన్మించెను, ఫెలిక్స్ 1809లో. వారి తాత మోసెస్ మెండెల్సోన్ యూదులలో జ్ఞానోదయమును తెచ్చిన తత్త్వవేత్త, సంస్కర్త. అట్టి సంస్కర్తల యింట పుట్టిన పిల్ల పదుమూడేండ్లకే బాఖ్ రచించిన ఇరువదినాలుగు ప్రెల్యూడులను కంఠస్థము చేసి తండ్రికి వినిపించినది. 1820లో తండ్రి ఆమెకొక యుత్తరము వ్రాసెను. సంగీతము తమ్మునికి వృత్తి కావచ్చును గాని నీకది అలంకారముగా మాత్రమే యుండవలెను అని దాని సారాంశము. తండ్రి దుర్మార్గుడు కాడు. కూతురికి చదువు చెప్పించెను, గొప్ప గురువులను పెట్టెను, ఆమె వాయించగా విని గర్వించెను. తలుపు అన్ని విధముల తెరచి, గడపపై మాత్రము చేయి అడ్డము పెట్టెను. ఆమె పాటలలో ఆరు తమ్ముని పేరిట అచ్చుపడినవి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్సు పాటలలో తనకు ప్రియమైనది పాడగా, అది తన అక్క రచించినదని ఆయన ఒప్పుకొనవలసివచ్చెను. ఆమె 1828లో రచించిన ఈస్టరు సొనాటా 1970 ప్రాంతమున దొరికినపుడు దానిపై నున్న ఎఫ్. మెండెల్సోన్ అను సంతకమును చూచి ఆ 'ఎఫ్' ఫెలిక్సే యని లోకము నమ్మినది. 2010లో గాని ఒక పరిశోధకురాలు దానిని ఫానీకి మరలించలేదు. ఒక్క యక్షరము నూటయెనుబది యేండ్లు తమ్ముని పక్షమున సాక్ష్యము చెప్పినది.

ఇక ప్రెల్యూడు. 1829 అక్టోబరు 3వ తేదీన ఫానీకి చిత్రకారుడగు విల్‌హెల్మ్ హెన్సెల్‌తో బెర్లినులో వివాహమైనది. తమ్ముడు ఆ వివాహమునకు ఆర్గను కృతి నొకదానిని పంపుదునని మాట యిచ్చియుండెను. కాని లండనులో బండి ప్రమాదమున మోకాలికి దెబ్బ తగిలి అతడు మంచముపట్టెను. కృతియు రాలేదు, తానును రాలేదు. పెండ్లికూతురే తన పెండ్లికి వాద్యము వ్రాసికొనెను. ఎఫ్ మేజర్ శ్రుతిలోని ఈ ప్రెల్యూడు అట్లు పుట్టినది. చర్చినుండి మరలి వచ్చునపుడు వాయింపవలసిన మరియొక కృతిని పెండ్లికి ముందటి రాత్రి కూర్చుండి పూర్తిచేసెను. మన యిండ్లలో పెండ్లికి ముందటి రాత్రి పెండ్లికూతురు చేయు పనులను తలచుకొన్నచో ఈ సంగతిలోని వింత తెలియగలదు.

కృతి చిన్నది. పెండ్లిసందడి అందు లేదు. గంభీరముగా, నిదానముగా, బాఖ్ మార్గమున నడచును. తన పెండ్లియని మురిసిపోవు పిల్ల వ్రాసినట్లు కాక, ఒక వ్రతమునకు కూర్చుండబోవు వయస్సువచ్చిన స్త్రీ వ్రాసినట్లున్నది. ఆర్గను వాయించినవారు దీనిని త్వరగా వాయించిరి. జనము ఇంకను కూర్చుండుచునే యుండిరి, వెనుక తలుపు రెండుసార్లు చప్పుడైనది. అచ్చుకాగితములో ఈ కృతిని గూర్చి యున్నది ఒకే వాక్యము. ఫెలిక్స్ మెండెల్సోన్ సోదరియగు ఫానీ తన వివాహమునకు రచించినది అని. నాకిక్కడనే మొదటి యభ్యంతరము. కచ్చేరికి తలుపుతెర వంటి స్థానములో, జనము సర్దుకొనులోపల ముగియునట్లు, ఫలానావారి సోదరి యను విశేషణముతో ఈ కృతిని పెట్టుట 1820నాటి ఆ యుత్తరములోని 'అలంకార'మనుమాటను నేటికిని పాటించుటయే. రాత్రికి రాత్రి వ్రాసిన రెండవ కృతి పేరు కాగితములో లేనే లేదు.

మూడవ సొనాటా సంగతి మనోహరమైనది. ఫెలిక్స్ 1844, 1845 సంవత్సరములలో రచించిన ఆరు సొనాటాలు 1845లో లండనులో అచ్చుపడినవి. వీనిలో మూడవదాని ఆరంభపు ఘనమైన నడక, ఆనాడు అక్క వివాహమునకు పంపదలచి పంపలేకపోయిన కృతిలోనిదే యని చెప్పుదురు. పదునారేండ్లు ఆలస్యముగా వచ్చిన పెండ్లికానుక అన్నమాట. అయితే అది కానుకగా మాత్రమే రాలేదు. పెండ్లినడక ముగియగానే సంగీతము మైనరు శ్రుతిలోనికి దిగును. చేతులు ఒకదానివెంట నొకటి తరుముకొనుచుండగా, క్రింద పాదములు లూథరు కీర్తన నొకదానిని మెల్లగా వాయించును. అగాధమునుండి నిన్ను పిలుచుచున్నాను అను భావము గల నూటముప్పదవ దావీదు కీర్తనకు లూథరు కట్టిన పాట యది. పిమ్మట పెండ్లినడక మరల వచ్చి అన్నింటిని కప్పివేయును.

గుంటూరు, రాజమహేంద్రవరము ప్రాంతముల లూథరు సంఘములలో పెరిగిన తెలుగు క్రైస్తవులకు ఇట్టి కీర్తనల నడక తెలియనిది కాదు. అయితే వారు పురుషోత్తమ చౌదరిగారి తెలుగు కీర్తనలను మన రాగతాళములలోనే పాడుకొనుటకును అలవాటుపడినవారు. ఒకే భక్తి రెండు నడకలలో నడచుట వారికి నిత్యానుభవము. ఈ సొనాటా మధ్యభాగమును వినుటకు వారి చెవి ఐరోపాలోని పలువురి చెవికంటె సిద్ధమైనదని నా తలంపు. మన త్యాగరాజ కృతిలో పల్లవిని పట్టుకొని అనుపల్లవి చరణములలో తిరిగి వచ్చినట్లు, ఇచ్చట క్రిందనున్న కీర్తనను పట్టుకొని విన్నచో పైనున్న అల్లిక తికమక పెట్టదు. ఆ సాయంకాలము ఆర్గను వాయించినవారు ఈ సొనాటాను ప్రెల్యూడువలె గాక, మిక్కిలి శ్రద్ధతో వాయించిరి. పాదముల స్వరము బల్లలగుండ, వెన్నుగుండ లోనికి వచ్చినది. కచ్చేరిలో నాకు కొరతలేక తోచిన కృతి ఇదియొక్కటియే.

తరువాత ఫానీ ట్రయో. దీని కథ ముందు చెప్పవలెను. బెర్లినులో ఆమె యింటి తోటశాలలో ఆదివారపు కచ్చేరులు జరిగెడివి. ఆమెయే కృతులను ఏరును, గాయకులకు నేర్పును, పియానో వాయించును, మేళమును నడపును. పేరుపొందిన కళాకారులు అక్కడికి వచ్చి వినెడివారు. ఇల్లు దాటరాదన్నవారికి ఇల్లే లోకమగునట్లు చేసి చూపెను. ఆమె కృతులు నాలుగువందల యేబదికి మించి యున్నవి. 1837లో ఆమె కృతుల ముద్రణకు ప్రోత్సాహ మిమ్మని తల్లి కోరగా ఫెలిక్స్ నిరాకరించెను. 1846లో నలుబదియేండ్ల ప్రాయమున ఆమె తనంతట తాను నిశ్చయించుకొని అచ్చుకిచ్చెను, అపుడు తమ్ముడు ఆశీర్వదించెను. ఆ మరుసటి యేడు ఏప్రిలు 11వ తేదీన, చెల్లెలి జన్మదినమునాడు, ఇంటిలోనే ఈ ట్రయో మొదట వినిపించినది. ఆ మే నెల 14వ తేదీన ఆదివారపు కచ్చేరికి అభ్యాసము చేయించుచుండగా చేతులు చచ్చుబడి, ఆ రాత్రియే మరణించెను. తమ్ముడు ఆ సంవత్సరము నవంబరులో పోయెను. ట్రయో అచ్చయినది 1850లో. తన పనియని చెప్పుకొనుటకు ఆమెకు దక్కిన కాలము ఒక యేడాది మాత్రమే.

కృతి డి మైనరు శ్రుతిలో నున్నది. మొదటి భాగమున పియానో అలలు అలలుగా పొంగుచుండగా, ఫిడేలును చెల్లోయును ఒకే పాటను రెండు స్థాయిలలో ఎత్తుకొని దానిపై నావవలె సాగును. చక్కని గదిలో ఈ యలలలోని ప్రతి బిందువును వినవచ్చును. కాని రాతికప్పు, రాతిగోడలు గల చర్చిలో ఒక స్వరము ఆగిన పిదప మూడు నాలుగు లెక్కపెట్టువరకు దాని ఛాయ పోదు. ఆర్గను ఆ ఛాయను నమ్ముకొని పుట్టినది, పియానోకు ఆ ఛాయయే శత్రువు. వాయించినది శుద్ధముగానే వాయించిరి, వినబడినది మాత్రము వర్షము కురియుచుండగా కిటికీ అద్దములోనుండి చూచిన వీథివలె నుండెను. పియానో విదుషీమణి ఈ సంగతి గ్రహించి రెండవ భాగమునకు తన వేగమును తగ్గించెను. ఆమె వివేకము మెచ్చదగినది.

రెండవ భాగమునకు వెంటనే తగులుకొని వచ్చు మూడవ భాగమునకు ఫానీ 'లీడ్' అని పేరు పెట్టినది. లీడ్ అనగా పాట. నాలుగు భాగముల ఘనకృతిలో, ఇతరులు పరుగులతో, గంతులతో తమ నైపుణ్యము చూపుకొను స్థానములో, ఆమె ఒక చిన్న పాటను పెట్టినది. పియానో పాడును, ఫిడేలు అందుకొనును, చెల్లో తలయూపును. రెండు నిమిషముల పని. ఇచ్చట రాతిగోడలే మేలు చేసినవి. స్వరములు తక్కువ, వాని నడుమ ఎడము ఎక్కువ. ప్రతి స్వరపు ఛాయయు మరుసటి స్వరమునకు శ్రుతి పట్టినట్లు, తంబురా మీటినట్లు నిలిచినది. కడపటి భాగమున పియానో ఒంటరిగా, ఆలాపన చేయుచున్నట్లు, ఆగి ఆగి మొదలు పెట్టును. ఇల్లాలు అందరును లేవకముందే లేచి, దీపము వెలిగించుకొని పని మొదలుపెట్టినట్లున్నదని నాకు తోచినది. ఇది కృతిలోనున్న భావమో, నా కల్పనయో చదువరులు విని నిర్ణయింతురు గాక.

ఇక్కడ మన యిండ్ల మాట యొకటి. మన బాలికలకు సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు అయి గీతములు నాలుగు రాగానే పెండ్లిచూపులు వచ్చును. వచ్చినవారి ముందు ఒక కీర్తన. తాంబూలములు పుచ్చుకొన్న నాటినుండి వీణ గోడకు, పుస్తకము అటుకకు. నేను బడిపంతులుగా ఈ వరుసను ఇరువదియేండ్లుగా చూచుచున్నాను. బి.ఏ.లు, ఇంజనీరింగులు చదివిన పిల్లల విషయమునను సంగీతపు వరుస మాత్రము మారలేదు. అలంకారముల దగ్గర ఆపుదురు, అలంకారముగానే ఆపుదురు. ఈ పని చేయువారు అజ్ఞానులు కారు, కూతుళ్లను ప్రేమించువారే, ఫానీ తండ్రివలెనే. సంస్కర్తలను మాత్రము ఈ నేరమునుండి తప్పించుటకు వీలులేదు. ముద్దుపళని కావ్యమును వీరేశలింగముగారే స్త్రీలు వినరానిదని తూలనాడిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దానిని సరిగా అచ్చు వేయించగా ప్రభుత్వము నిషేధించినది. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ నాగరత్నమ్మయే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించి, ఆ యారాధనలో స్త్రీలు పాడుటకు పోరాడవలసివచ్చినది. మంచి యుద్దేశముతో అడ్డుపెట్టిన చేయియు అడ్డమే.

విరామానంతరము ఫెలిక్స్ రెండవ ట్రయో. సి మైనరు శ్రుతి, 1845. ఆర్గను సొనాటాలు వెలువడిన యేడే. మూడవ భాగమగు స్కెర్ట్సో వేగమును చర్చిలో వాయింపబూనుట సాహసము. చీమలబారువలె పరుగెత్తవలసిన స్వరములు పిండిముద్దయైనవి. నా ప్రక్కనున్న వృద్ధుడు నవ్వుకొనుట కనిపించినది. ఇందులో తప్పు వాయించినవారిది కాదు, ఏరినవారిది. అసలు విషయము నాలుగవ భాగమునందున్నది. చెల్లో ఎగిరిపడునట్లు పాట నెత్తుకొనగా, అలజడిగా సాగుచున్న సంగీతము నడుమ, ఉన్నట్లుండి దేవాలయ కీర్తన వంటి పాట యొకటి మెల్లగా పియానోపై వినవచ్చును. అది ఏ కీర్తన యను విషయమున పండితులు తలకొక పేరు చెప్పుదురు. తుదిలో అదియే మరల వచ్చి, మూడు వాద్యములును తమ శక్తినంతయు ధారపోయగా, పియానో ఆర్గను కాబోయినట్లు, ఇల్లు దేవాలయము కాబోయినట్లు పెరుగును. విన్నవారెల్లరు ఈ ఘట్టమునే మెచ్చిరి. కచ్చేరి చేసినవారును ఈ ఘట్టముకొరకే ఈ కృతిని చివర పెట్టిరని అచ్చుకాగితము చెప్పుచున్నది. ఇంతకుముందు విన్న ఆర్గను ఇప్పుడు ట్రయోలో మారుమ్రోగునని వారి యూహ.

నేనిందుకు ఒప్పుకొనజాలను. గంగయందు పల్లె యున్నదని చెప్పినపుడు ఒడ్డున నున్న పల్లెయొక్క చల్లదనమును, పావనత్వమును మనస్సునకు తోచునని మన యాలంకారికులు చెప్పుదురు. ఆనందవర్ధనుడు ఇట్టి తోపింపునే కావ్యమునకు ఆత్మ యన్నాడు. వినువానిని తీసికొనిపోయి గంగలో మెడవరకు ముంచినచో చల్లదనము తెలియును గాని అది వ్యంగ్యము కాదు, జలుబు. ఫెలిక్స్ ఈ కీర్తనను ముగ్గురు కూర్చున్న గదిలో వినుటకు వ్రాసెను. గోడలు దగ్గరగా నున్నవి, కప్పు తక్కువ ఎత్తున నున్నది, ఆర్గను లేదు. లేదు గనుకనే అది తోచును. సుత్తులతో కొట్టబడి, పుట్టిన వెంటనే చచ్చు స్వరములతో, ఎన్నడు చావని స్వరమును స్మరింపజేయుట ఆ ఘట్టపు గొప్ప. నిజమైన ఆర్గను వీపువెనుక నిలుచుండి, గంట క్రితము తన బలమంతయు చూపియుండగా పియానో ఆ వేషము వేసినచో, రాజు ఎదుట రాజవేషము కట్టిన నటునివలె తేలిపోవును. ఆ సాయంకాలము తేలిపోయినది. చప్పట్లు మాత్రము ఎక్కువగా పడినవి.

ఫానీ ట్రయోకు ఈ హాని లేదు. అందు దేవాలయము యొక్క స్మరణ లేదు, ఇల్లు తాను ఇల్లుగానే యున్నది. దేవాలయములో వాయించినను అది మరియొకటి కాబోదు, కావలెనని కోరదు. 'లీడ్' ఆ రాతికప్పు క్రింద అంత నిబ్బరముగా నిలిచినది అందువలననే. ఇద్దరిలో ఎవరు గొప్ప అను పందెము నాకు వలదు. స్వరములను నిర్మించు బలమున, కృతిని విశాలముగా నడపు నేర్పున తమ్ముడు మిన్న. మేళములతో, నగరసభలతో బ్రతికినవానికి ఆ నేర్పు రాకుండునా? కాని చర్చిలో వాయించుటకు ఈ రెండు ట్రయోలలో ఒకటే ఏరవలసియుండిన అక్కదానినే ఏరవలెను. కచ్చేరి చేసినవారు దానిని విరామమునకు ముందుంచి, తమ్ముని కృతిని కిరీటము చేసిరి.

నాకు వరుస పెట్టు పని యిచ్చియుండినచో సొనాటాతో ఆరంభింతును. జనము కూర్చుండులోపల తలుపులు చప్పుడైనను ఆర్గను పాదస్వరము వానిని మ్రింగివేయును. పిదప ఎఫ్ మేజర్ ప్రెల్యూడును, అందరును నిశ్శబ్దముగా నున్నపుడు, నిదానముగా. దాని వెనుక ట్రయో, ఫానీదియే. స్కెర్ట్సో గల ట్రయోను మరియొక దినమున, చిన్నగదిలో, ముప్పదిమందికి. చివర పెండ్లికి ముందటి రాత్రి వ్రాసిన ఆ రెండవ ఆర్గను కృతిని జనము లేచి వెళ్లుచుండగా వాయింపింతును. అది వ్రాయబడినది అందుకే. ఇట్లు చేసినచో కచ్చేరి కొంత తక్కువగును. టిక్కెట్టు లేదు గనుక దానివలన ఎవరికిని నష్టము లేదు.

జర్మనీకి పోనక్కరలేకుండ ఈ కృతులను వినుట నేడు సులభము. ఫానీ ట్రయోకు ధ్వనిముద్రణలు పెక్కులు కలవు. ఆర్గను ప్రెల్యూడునకు కొన్ని కలవు. పాశ్చాత్య సంగీతము అలవాటులేనివారు మొదటి భాగముతో మొదలుపెట్టవలదు. మూడవ భాగమగు 'లీడ్'ను మొదట రెండుమూడు మారులు వినుడు. పిదప నాలుగవ భాగపు ఆరంభమున పియానో ఒంటరిగా పలుకు చోటు వినుడు. మొదటిసారి ఫిడేలు ననుసరించియు, రెండవసారి చెల్లో ననుసరించియు విన్నచో పియానో తనంతట తానే తెలిసివచ్చును. ఇంటిలో వీణయో ఫిడేలో నేర్చుకొను పిల్ల యున్నచో ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినుడు. కాని ఆ పిల్లకు రచయిత్రిని ఎవరి సోదరిగాను పరిచయము చేయకుడు, పేరు మాత్రము చెప్పుడు.